డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, పని మాత్రం రావట్లేదు. ఎక్కడ నేర్చుకోవాలి?

మినపసున్ని | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు.

పోయినేడు బీటెక్ సీఎస్‌ఈ అయిపోయింది, 8.4 వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి ఐదు నెలలు. అందులో నాలుగు నెలలు ట్రైనింగ్ అని స్లైడ్లు చూపించారు. పోయిన నెల ఒక రెపో (ప్రోగ్రాం కోడ్ మొత్తం ఉండే ఫోల్డర్) ఇచ్చి "బిల్లు పీడీఎఫ్‌లో తేదీ అప్పుడప్పుడు తప్పు పడుతోంది, చూడమ్మా" అన్నారు. దాదాపు రెండు లక్షల లైన్లు. ఏ ఫైలు తెరవాలో తెలుసుకోవడానికే ఒకటిన్నర రోజు పట్టింది. కాలేజీలో నేను చేసిన అతిపెద్ద ప్రోగ్రాం ఫైనలియర్ ప్రాజెక్టు, తొమ్మిది వందల లైన్లు. అందులో సగం సీనియర్ల దగ్గర్నుంచి వచ్చిందే, దాచడం ఎందుకు.

ఆ తేదీ సంగతి ఇంకా తేలలేదు. ఈలోగా శుక్రవారం ఇంకో ఘనకార్యం చేశాను. గిట్‌లో (అందరి కోడ్ మార్పులనీ దాచే పనిముట్టు) పుష్ అవ్వట్లేదని, అంటే నా మార్పులు సర్వర్‌కి ఎక్కట్లేదని, నెట్‌లో చూసి ఫోర్స్ కొట్టాను, అంటే అక్కడున్నదాని మీద నాది బలవంతంగా ఎక్కించాను. పక్క సీటు అన్న రెండు రోజుల పని బ్రాంచి (మార్పుల వరస) మీద నుంచి మాయమైంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆటోమాటా థియరీలో నాకు "ఓ" గ్రేడ్, అన్నిటికంటే పైది. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో బ్యాంకర్స్ అల్గారిథమ్ ఇప్పుడు అడిగినా చెప్తాను. కానీ టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెరిస్తే చేతులు చల్లబడతాయి. అమీర్‌పేట కోచింగ్‌లో చేరమని మా బాబాయి, అమెరికాలో ఎంఎస్ చేయమని మా అత్తయ్య. నాలుగేళ్ళు చదివిందేమిటి, ఇక్కడ చేసేదేమిటి? ఏ కోర్సు తీసుకోవాలో చెప్పండి.


రాత్రి షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:15

ముందు ఆ అన్న పని సంగతి. అది పోలేదు. గిట్‌లో ఒకసారి కమిట్ చేసింది, అంటే మార్పుగా నమోదు చేసింది, అంత తేలిగ్గా పోదు. ఆయన మెషీన్‌లో కమిట్లు అలాగే ఉంటాయి, మళ్ళీ పుష్ చేస్తే సరిపోతుంది. అక్కడ కూడా పొరపాటున రీసెట్ కొట్టేసి ఉంటే "గిట్ రెఫ్‌లాగ్" అని చూడమనండి, పాత కమిట్ల నంబర్లు వరసగా కనిపిస్తాయి. ఏ బ్రాంచికీ అందని కమిట్లని కూడా మామూలు సెట్టింగుల్లో 30 రోజులు గుర్తు పెట్టుకుంటుంది. ఇక మీద ఫోర్స్ తప్పనిసరైతే "ఫోర్స్ విత్ లీజ్" వాడండి. మీరు చివరిసారి చూశాక అక్కడ ఇంకెవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఒప్పుకోదు.

గిట్ ఆదేశాలు బట్టీ పట్టకండి. ఒక ఖాళీ ఫోల్డర్‌లో రెపో మొదలుపెట్టి, దాచి ఉన్న డాట్ గిట్ ఫోల్డర్ తెరిచి చూస్తూ ఒక్కొక్క కమిట్ చేయండి. బ్రాంచి అంటే ఒక కమిట్ నంబరు రాసి ఉన్న చిన్న ఫైలు, అంతే. కమిట్లన్నీ వెనక్కి చూస్తూ ముడిపడిన గ్రాఫు. డేటా స్ట్రక్చర్స్‌లో మీరు చదివిన గ్రాఫే. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం రాసుకున్నాడు దీన్ని. ఆ బొమ్మ ఒకసారి మనసులో పడితే భయం పోతుంది.

మాలో ఇలా ఫోర్స్ కొట్టి ఇంకొకరి పని తుడవనివాళ్ళు లేరు. నేనైతే అందరూ వాడే మాస్టర్ బ్రాంచి మీదే చేశాను.


అమీర్‌పేట పాతకాపు | మంగళవారం, ఉదయం 7:05

బాబాయి గారి మాట పూర్తిగా తీసిపారేయకండి. నాది బీఎస్సీ. 2009లో, ఉద్యోగాలు లేని రోజుల్లో, మైత్రీవనం వెనక సందులో పొద్దున ఏడింటి బ్యాచి. గది నిండిపోతే గుమ్మంలో నిలబడి రాసుకునేవాళ్ళం. కోర్ జావా చెప్పిన సార్ కంప్యూటర్ ముట్టుకోకుండా బోర్డు మీదే మొత్తం చెప్పేవాడు. డిగ్రీలో మూడేళ్ళలో అర్థం కానిది నెలన్నరలో అర్థమైంది. ఆ రుణం మరిచిపోను.

కానీ చివర్లో "రియల్ టైమ్ ప్రాజెక్ట్" అని ఒకటి ఇస్తారు చూడండి, అక్కడే వచ్చింది తంటా. బ్యాచి మొత్తానికీ ఒకటే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, ఒకటే జిరాక్స్ కట్ట. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన దాని గురించి వివరంగా ఏమీ అడగలేదు. "ఇది చేస్తున్నప్పుడు నువ్వు చేసిన ఒక తప్పు చెప్పు" అన్నాడు. నోరు పెగల్లేదు. తప్పు చేయాలంటే ముందు నేను రాసుండాలి కదా.

మీరు ఇప్పటికే కంపెనీలో ఉన్నారు, అసలైన తప్పులు చేస్తున్నారు. ఈ దశలో మళ్ళీ వెళ్ళి కూర్చుంటే మాటలు నేర్చుకుంటారు, పని కాదు.


నల్లబల్ల | మంగళవారం, ఉదయం 9:30

రోజుకి రెండు లీట్‌కోడ్ (ఇంటర్వ్యూ ప్రశ్నల సైట్) ప్రాబ్లమ్స్ చేయండి. మిగతావన్నీ అవే వస్తాయి.


రాత్రి షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 9:41

@నల్లబల్ల, ఆవిడ అడిగింది ఇంటర్వ్యూ గురించి కాదు తమ్ముడూ. రెండు లక్షల లైన్లలో తేదీ ఎక్కడ మారుతోందో కనిపెట్టడానికి డైనమిక్ ప్రోగ్రామింగ్ (ఆ ప్రాబ్లమ్స్‌లో వాడే ఒక పద్ధతి) ఎందుకు పనికొస్తుందో నువ్వే చెప్పు.


ఎరువుల కొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:20

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉంటే చదవండి. నేను నేర్చుకున్నదంతా మా నాన్న దుకాణంలోనే. మాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. థర్డ్ ఇయర్ సెలవుల్లో "నీకో సాఫ్ట్‌వేర్ రాసిస్తా నాన్నా" అన్నాను. అమ్మకాలకి ఈ-పాస్ మిషన్ ఎలాగూ ఉంది, ఆయనకి కావాల్సింది అప్పుల పద్దు. పంట వచ్చాక కడతారు, నూటికి రూపాయిన్నర వడ్డీ. రెండు వారాల పని అనుకున్నా. మూడేళ్ళయింది, ఇంకా రాస్తూనే ఉన్నా.

మొదటి దెబ్బ కరెంటు. నేను మొత్తం పద్దుని ఒకే ఫైలులో పెట్టి, ప్రతి మార్పుకీ ఫైలంతా తిరగరాసేవాణ్ణి. ఒకరోజు రాస్తుండగా కరెంటు పోయింది. సగం ఫైలు మిగిలింది. ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక ఇద్దరం కూర్చుని కాగితాల నుంచి మళ్ళీ ఎక్కించాం. డీబీఎంఎస్ పేపర్లో ఏసిడ్ ప్రాపర్టీస్ (డేటాబేస్ నమ్మకంగా ఉండడానికి కావాల్సిన లక్షణాలు) నాలుగూ రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి నేను. అటామిసిటీ, అంటే పని పూర్తిగా జరగాలి లేదా అసలు జరగకూడదు అన్నది, ఏమిటో ఆ రాత్రి తెలిసింది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కి మార్చాను, ప్రతి పద్దూ ఒక ట్రాన్సాక్షన్ (ఎక్కితే మొత్తం ఎక్కే ఒక్క పని). ఆ తర్వాత కరెంటు వందసార్లు పోయుంటుంది, పద్దు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండోది పైసా. యూరియా బస్తా 45 కిలోలు, పన్నుతో కలిపి 266 రూపాయల 50 పైసలు. జీఎస్టీ 5 శాతం. 1.05తో భాగిస్తే అసలు 253.81. దాని మీద రెండున్నర శాతం సీజీఎస్టీ 6.35, ఎస్జీఎస్టీ ఇంకో 6.35. మూడూ కూడండి. 266.51 వస్తుంది. "ఈ పైసా ఎవరిదిరా?" అన్నాడు నాన్న. నేను ఫ్లోటింగ్ పాయింట్ (కంప్యూటర్ దశాంశాలు దాచే పద్ధతి) మీద నెట్టేయబోయాను గానీ ఇది కంప్యూటర్ తప్పు కాదు, చేత్తో వేసినా అంతే. రౌండింగ్ ఎక్కడ చేయాలో ముందుగా మనం తేల్చుకోవాలి. రెండు పన్నులూ సమానంగా ఉండాలి కాబట్టి, మొత్తంలోంచి పన్నులు తీసేసి మిగిలిన 253.80ని అసలుగా చూపిస్తున్నా. డబ్బంతా పైసల్లో పూర్ణసంఖ్యలుగా దాస్తున్నా, 26650 అని.

మూడోది రమేష్. ఒకే రైతు పేరున రెండు ఖాతాలు తేలాయి. స్క్రీన్ మీద రెండూ "రమేష్", అక్షరం తేడా లేదు. పోల్చి చూస్తే సమానం కాదంటుంది ప్రోగ్రాం. రెండు రోజులు జుట్టు పీక్కున్నా. చివరికి ఒక్కో కోడ్ పాయింట్ (అక్షరానికి యూనికోడ్ పద్ధతిలో ఉండే సంఖ్య) ప్రింట్ చేస్తే ఒకదానిలో ఐదు, ఇంకోదానిలో ఆరు. ఫోన్‌లో కొట్టిన పేరులో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం వచ్చి కూర్చుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వత్తు పడకుండా ఆపడానికి అది కావాలి. పేరు చివర ఉంటే కంటికి ఆనదు. యూనికోడ్ గురించి మా సిలబస్‌లో ఉన్నది ఒక్క లైను.

అన్నిటికంటే పెద్ద పాఠం మాత్రం పాత పద్దు పుస్తకం. వడ్డీ లెక్క సరిగా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నాన్న చేతిరాత పుస్తకంలో నుంచి మూడు సీజన్ల పద్దులు, నాలుగు వందల పైచిలుకు, టెస్టులుగా (జవాబు ముందే తెలిసిన లెక్కలుగా) ఎక్కించాను. మొదటిసారి 37 తప్పాయి. అందులో 31 నా తప్పులే. నెల మీద పది రోజులు దాటితే అరనెల వడ్డీ అని, సంక్రాంతిలోపు కట్టినవాళ్ళకి చివరి నెల మాఫీ అని ఆయన నాకు చెప్పనే లేదు. "అందరికీ తెలిసిందే కదరా" అన్నాడు. మిగతా ఆరూ ఆయన లెక్క తప్పు. రెండు ఒప్పుకున్నాడు.

కాబట్టి మినపసున్ని గారూ, కోర్సు కాదు, వాడేవాళ్ళున్న ప్రోగ్రాం ఒకటి పట్టుకోండి. ఎంత చిన్నదైనా సరే, రోజూ వాడే మనిషి ఒక్కరుండాలి.


పాత ల్యాబ్ మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:50

ఎరువుల కొట్టు రాసింది చదివి సంతోషంగానూ సిగ్గుగానూ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఒక అఫిలియేటెడ్ కాలేజీలో పాఠం చెబుతున్నాను.

మా ల్యాబుల్లో టర్బో సీ (సీ భాషకి పాతకాలపు కంపైలర్) చాలాకాలం బతికింది. అందులో ఇంట్ (పూర్ణసంఖ్య) అంటే రెండు బైట్లు, 32767 దాటదు. ఫాక్టోరియల్ ప్రోగ్రాంకి ఎనిమిది ఇస్తే 40320 రావాలి, మైనస్ 25216 వచ్చేది. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) వచ్చినరోజు "ఏడు వరకే ఇవ్వండి సార్" అని పిల్లలే జాగ్రత్తపడేవారు. ఆ మైనస్ ఎందుకొచ్చిందో చెప్పడమే అసలు పాఠం. మేము దాన్ని దాచి రికార్డు మీద సంతకం పెట్టాం. తప్పు మాదే.

అయితే సిద్ధాంతం దండగ అంటే మాత్రం ఒప్పుకోను. ఏసిడ్ అనే మాటే విననివాడికి ఆ రాత్రి జరిగింది కరెంటు కోత మాత్రమే. ఇతనికి దాని పేరు తెలుసు, మందు ఎక్కడ దొరుకుతుందో తెలుసు. విత్తనం ముందే పడి ఉంది, వాన ఆలస్యంగా వచ్చింది.

మాకున్నది వారానికి మూడు గంటలు, అరవై మంది, నడిచే మెషీన్లు నలభై. అందులోనే రెండేళ్ళ నుంచి ఒక పని చేస్తున్నాను. కొత్త ప్రోగ్రాం రాయమనడం మానేసి, పోయిన బ్యాచి రాసింది ఇచ్చి దానికి ఒక సదుపాయం కలపమంటున్నాను. మొదటి వారమంతా సీనియర్లని తిట్టుకుంటారు. ఏ, బీ, టెంప్ వన్, టెంప్ టూ అని పేర్లు పెట్టినందుకు. "మీది వచ్చే ఏడాది జూనియర్ల చేతికి వెళ్తుంది" అంటాను. ఆ మాట చెప్పాక వేరియబుల్ పేర్లు ఎంత బాగుపడ్డాయో చెప్పలేను.


కొత్త కుర్రాడు 99 | మంగళవారం, రాత్రి 9:12

ఇదంతా బాగుంది గానీ, ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతుంటే ఇవన్నీ నేర్చుకోవడం అవసరమా అన్నా? అడిగితే గిట్ ఆదేశాలు కూడా అదే ఇస్తుంది.


టెస్టరమ్మ | మంగళవారం, రాత్రి 9:58

ఆవిడకి ఫోర్స్ పుష్ చెప్పింది కూడా నెట్టే కదా బాబూ.

నేనూ రోజూ వాడతాను, దాని మీద కోపమేమీ లేదు. పైన చెప్పిన యూరియా బస్తా లెక్క ఇందాకే ఇచ్చి చూశాను. చక్కటి కోడ్ రాసింది, వివరణతో సహా. నడిపితే 266.51. ఆ పైసా నీ కంటికి ఆనుతుందా లేదా అన్నదే ప్రశ్న. ఆనిన తర్వాత దానికే చెప్పి సరిచేయించు, కాదన్నదెవరు? అదివరకు రాయడం పెద్ద పని, చదవడం చిన్న పని అనుకునేవాళ్ళం. ఇప్పుడు చదవాల్సింది పెరిగింది.

మినపసున్నీ, పద్నాలుగేళ్ళుగా టెస్టింగులో ఉన్న అక్కగా ఒక్కటి చెప్తా. నీ తేదీ బగ్ "అప్పుడప్పుడు" వస్తోందన్నావు. అప్పుడప్పుడు వచ్చే బగ్ ఉండదు, మనం ఇంకా గమనించని నియమం ఉంటుంది. కోడ్ మూసేయి. తప్పు పడిన బిల్లులన్నీ ఒక షీట్‌లో వేయి. ఊరు, సమయం, ఎవరు చేశారు, ఏ బ్రౌజర్, మొత్తం ఎంత. వాటి పక్కనే సరిగ్గా పడినవి ఓ యాభై వేయి. తర్వాత చూస్తూ కూర్చో. డెవలపర్లు సగం మంది ఈ పని చేయకుండా కోడ్‌లోకి దూకుతారు, అందుకే మా ఉద్యోగాలు నడుస్తున్నాయి.


గోదారి గట్టు | బుధవారం, ఉదయం 8:20

ఓపెన్ సోర్స్ (ఎవరైనా చదివి మార్చగలిగే కోడ్) మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. పరాయి కోడ్ చదవడం నేర్చుకోవాలంటే దానంత బడి లేదు. మీరు వాడే ఏదో ఒక చిన్న లైబ్రరీ (ప్రోగ్రాంలో కలుపుకునే తయారు కోడ్) తీసుకుని, పాత బగ్ రిపోర్టులూ వాటికొచ్చిన జవాబులూ చదవండి. కోడ్ కంటే ఆ వాదనల్లో ఎక్కువ దొరుకుతుంది.

కానీ 2020 అక్టోబర్ గుర్తుంది కదా. హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పు కలపమనే అభ్యర్థనలు) పంపితే టీషర్టు అన్నారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) "అద్భుతమైన ప్రాజెక్ట్" అని ఒక్క మాట కలిపి మనవాళ్ళు వేలం వెర్రిగా పంపారు. నిర్వాహకులు తల పట్టుకుంటే, ఇష్టమున్న ప్రాజెక్టులే పాల్గొనేలా నిబంధన మార్చాల్సి వచ్చింది. ఆ తోవలో వద్దు.

తెలుగు వచ్చినవాళ్ళకి చేయడానికి బోలెడు పని ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, గుర్తుందా? అక్కడా మధ్యలో ఉన్నది రమేష్ వెనకాల నక్కిన అక్షరమే. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. మన లిపిని పరీక్షించి చూసే కళ్ళు తక్కువ. వెతుకు పెట్టెలో, పీడీఎఫ్‌లో, క్రమబద్ధీకరణలో తెలుగు ఎక్కడ విరుగుతోందో చూసి, సరైన బగ్ రిపోర్టు రాయడం కూడా చిన్న విద్య కాదు.


డల్లాస్ దారి | బుధవారం, ఉదయం 10:05

అత్తయ్య గారికి నా తరఫున చెప్పండి. ఎంఎస్ మంచిదే, దానికోసం వెళ్ళాలనుంటే వెళ్ళండి. ఈ ఖాళీ పూడుతుందని మాత్రం వెళ్ళకండి, అప్పు చేసి అస్సలు వద్దు. నేను ఇక్కడికొచ్చాక కూడా క్లాసులో ఎవరూ టెర్మినల్ నేర్పలేదు, వచ్చుననే అనుకుంటారు. ఎంఐటీలో పిల్లలకే ఇది రావట్లేదని 2020లో అక్కడివాళ్ళు "మిస్సింగ్ సెమిస్టర్" అని ఒక చిన్న కోర్సు పెట్టారు. షెల్, ఎడిటర్, గిట్, డీబగ్గింగ్. వీడియోలన్నీ ఉచితంగా ఉన్నాయి. ఎంఐటీకే ఆ గతి పడితే మన సంగతి చెప్పేదేముంది, మీరు సిగ్గుపడకండి.


నల్లబల్ల | బుధవారం, ఉదయం 10:30

సరే, నేను తొందరపడ్డాను. కానీ ఉద్యోగం మారాలంటే మళ్ళీ లీట్‌కోడే గతి, అది కూడా రాసుకోండి.


డల్లాస్ దారి | బుధవారం, ఉదయం 10:34

అది నిజమే, కాదనలేం.


మినపసున్ని | శనివారం, రాత్రి 9:27

అక్కా, దొరికింది!!

మీరు చెప్పినట్టే షీట్‌లో వేశాను. తప్పు పడిన బిల్లులన్నీ రాత్రి పన్నెండు దాటాక, తెల్లవారుజామున ఐదున్నరలోపు చేసినవే. ఐదున్నర అని చూడగానే ఒళ్ళు జల్లుమంది. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకి తెల్లారి ఐదున్నర అయ్యేదాకా దానికి నిన్నటి తేదీయే. మా కస్టమర్లలో రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపులు కొన్ని ఉన్నాయి, ఫిర్యాదులన్నీ వాళ్ళవే.

అయితే ఇంతకుముందు సరిగ్గా వచ్చేదట. ఎప్పటినుంచి పాడైందని మా లీడ్ అడిగితే తెల్లమొహం వేశాను. రాత్రి షిఫ్ట్ గారికి మెసేజ్ పెడితే "గిట్ బైసెక్ట్" అన్నారు. పనిచేసిన పాత కమిట్ ఒకటి, పాడైన కొత్త కమిట్ ఒకటి చెప్తే మధ్యలోది తీసి ఇస్తుంది, బాగుందో లేదో చెప్తే మళ్ళీ సగం. దాదాపు వెయ్యి కమిట్లు, పదిసార్లలో తేలిపోయింది. ఇది బైనరీ సెర్చ్! సెకండ్ సెమిస్టర్‌లో రికార్డు రాసిన బైనరీ సెర్చ్! మాస్టారూ, మీ విత్తనం మొలిచింది.

దొరికిన కమిట్‌లో పీడీఎఫ్ తయారీని వాడేవాళ్ళ బ్రౌజర్ నుంచి సర్వర్‌కి మార్చారు. ఎందుకు మార్చారో తెలుసుకుందామని మెసేజ్ చూస్తే "ఫిక్స్" అని ఒక్క ముక్క. రాసింది ఎవరో కాదు, నేను పని పోగొట్టిన పక్క సీటు అన్నే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన కమిట్లు కూడా వెనక్కి వచ్చేశాయి.

సరిచేసింది ఒకే లైను. దానికి నాలుగు టెస్టులు రాశాను. పదకొండు యాభై తొమ్మిది, పన్నెండు, ఐదు ఇరవై తొమ్మిది, ఐదున్నర.


టెస్టరమ్మ | శనివారం, రాత్రి 9:40

శభాష్. డిసెంబర్ 31 రాత్రి ఒకటి కూడా కలుపు, సంవత్సరం మారుతుంది. మార్చి 31 కూడా, బిల్లు అంటున్నావు కాబట్టి.


మినపసున్ని | శనివారం, రాత్రి 9:52

అమ్మో, మార్చి 31 తట్టలేదు. సోమవారం కలుపుతాను.

ఎరువుల కొట్టు గారూ, ఒకటి అడగనా. మీ పద్దు ప్రోగ్రాం కోడ్ ఎక్కడైనా పెట్టారా? మా పెదనాన్నకి విత్తనాల షాపు ఉంది, ఇదే తంటా. కొత్తది రాయకుండా మీదే చదివి, కావాల్సింది కలుపుదామని.


ఎరువుల కొట్టు | శనివారం, రాత్రి 10:18

పెట్టలేదండీ. పెట్టాలని ఏడాదిగా అనుకుంటున్నా. చిక్కేమిటంటే ఆ టెస్టు ఫైళ్ళలో రైతుల అసలు పేర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో అన్నీ ఉన్నాయి. ఊళ్ళో తెలిస్తే నాన్న నన్ను కొట్టులోకి రానివ్వడు. పేర్లు మార్చేశాను గానీ...


రాత్రి షిఫ్ట్ | శనివారం, రాత్రి 10:21

పాత కమిట్లలో ఉంటాయిగా.


ఎరువుల కొట్టు | శనివారం, రాత్రి 10:25

అదే. మూడేళ్ళ చరిత్ర. ఫిల్టర్ రెపో అని ఒక పనిముట్టు ఉందట, పాత కమిట్లన్నీ తిరగరాస్తుందట. ఇంకా ధైర్యం చేయలేదు.


మినపసున్ని | శనివారం, రాత్రి 10:31

ముందు ఫోల్డర్ మొత్తం ఇంకో కాపీ తీసి పక్కన పెట్టండి. కాపీ మీద చేసి చూద్దాం. రేపు ఆదివారమే, మధ్యాహ్నం తర్వాత ఖాళీగా ఉంటాను. చివర్లో ఫోర్స్ పుష్ మాత్రం మీరే కొట్టాలి.